మెకానికల్ బీటెక్ చదవడమంటే ఏంది – హన్మకొండల మాట్లాడిన ప్రసంగ పాఠం

వెనక కూసున్నోళ్లకు ఇనబడ్తుందా? సరే. మైకు జర గీక్కుంటది, ఏమనుకోకున్రి.

ఇందాక బయట చాయ్ తాగుతుంటే ఒక బాపు వచ్చి అడిగిండు, సారూ పోరనికి ఎప్‌సెట్ల (పాత ఎంసెట్) ర్యాంకు ఓ మోస్తరు వచ్చింది, సీఎస్ఈ కావాలంటే మేనేజ్‌మెంట్ కోటాల లక్షలు పెట్టాలంటున్నరు, మెకానికల్ అయితే కన్వీనర్ కోటాలనే మంచి కాలేజీ వస్తదట, తీసుకోమంటరా వద్దా అని. నేను అవునని చెప్పలే, కాదని చెప్పలే. నాలుగేండ్లు అండ్ల ఏం చదువుతరు, చదివింది ఏడ పనికొస్తది అన్నది తెలుస్తే ఆ బాపే తేల్చుకుంటడు, అందుకే ఇయ్యాల గదే చెప్త, జాబుల ముచ్చట ఆఖరికి మీరెట్లాగూ అడుగుతరు.

నా గురించి రెండు ముక్కలు. పదో తరగతి అయినంక పాలిసెట్ రాసి డిప్లొమా చేసిన, తర్వాత ఈసెట్ రాసి బీటెక్ల డైరెక్టు సెకండియర్ల చేరిన. ఇప్పుడు థర్మల్ ప్లాంటు మెయింటెనెన్స్‌ల ఉన్న, అంటే పంపులు, ఫ్యాన్లు, టర్బైన్ – ఏది మొరాయించినా అర్ధరాత్రి ఫోన్ మాకే వస్తది. (నవ్వులు) కాబట్టి నేను చెప్పేదాంట్ల జర గ్రీజు వాసన ఉంటది, ప్రొఫెసర్ల లెక్క చెప్పరాదు నాకు.

ఫస్టియర్ ఎక్కడైనా ఒక్కతీరే. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, జర ప్రోగ్రామింగ్, ఇంజినీరింగ్ డ్రాయింగ్, వర్క్‌షాపు. డ్రాయింగ్ అంటే మస్తు మంది భయపడ్తరు, గీతలు గీసే మినీ డ్రాఫ్టర్ భుజానేసుకొని పోతుంటే బస్సుల కండక్టర్ కూడా అడుగుతడు ఏంది తమ్మీ అది అని. మన దగ్గర ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్ నేర్పుతరు, అమెరికాల థర్డ్ యాంగిల్, పై నుంచి చూసిన బొమ్మ మన దగ్గర కింద వస్తది వాళ్ల దగ్గర పైన వస్తది. ఇది తెల్వకుంట బయటి కంపెనీ డ్రాయింగ్ చేతికొస్తే రంధ్రం అటు పక్కన పెట్టాల్సింది ఇటు పక్కన పెడ్తరు, ముక్క మొత్తం తుక్కు కింద పోతది. డ్రాయింగ్ షీట్ మూలకు చిన్న గుర్తు ఉంటది, అది చూసుడు అలవాటు చేసుకోండ్రి, అంతే.

ఇగ వర్క్‌షాపు. అండ్ల ఫిట్టింగ్ అని ఉంటది. అరచేతిలంత ఇనుప ముక్క ఇచ్చి, ఆకురాయితోని రుద్ది నాలుగు పక్కలు చక్కగ చెయ్యమంటరు. పిల్లలు ఏమంటరంటే, సారూ మేం ఇంజినీర్లం కావడానికొచ్చినం, గీ పని ఐటీఐ వాళ్లది గదా అంటరు. అట్లన్నోళ్లకు నేనొకటే చెప్త, జర రుద్ది చూడు బిడ్డా. మూలమట్టం, గదే ట్రై స్క్వేర్, పెట్టి వెలుతురుకు పట్టుకుంటే నడుమ ఆనుతది, రెండు కొసల కింద సందుల నుంచి వెలుగు కనబడ్తది, అంటే నడుమ ఉబ్బు ఉన్నది, కొసలు ఎక్కువ అరిగినయి. ఎవరు కొత్తగ రుద్దినా గట్లనే అయితది. ఎందుకు? ఆకురాయి ముందుకు పోతున్నా కొద్ది ముందు చెయ్యి ముక్క నుంచి దూరమైతది, ఎనక చెయ్యి దగ్గరికొస్తది, రెండు చేతులతోని ఒక్కతీరుగ నొక్కితే ఆకురాయి ముందు కొస కిందికి ఒరుగుతది. చక్కగ రావాలంటే ముందు చేతి బలం మెల్లమెల్లగ తగ్గియ్యాలె, ఎనక చేతి బలం పెంచాలె. గిదే ఇంజినీరింగ్ మెకానిక్స్ల మొదటి యూనిట్ల చెప్పే మూమెంట్. బోర్డు మీద బలం ఇంటు దూరం అని రాస్తే ఎవరికీ పట్టది, ఇరవై నిమిషాలు ఆకురాయి పట్టుకుంటే చేతికి తెలుస్తది. ఐటీఐ చేసినాయనకు చేతికి తెలుసు, లెక్క తెల్వది. మనోళ్లకు లెక్క తెలుసు, చెయ్యి పోదు. ఈ రెండూ ఒక్క మనిషి దగ్గర ఉంటే ఆ మనిషిని ఏ ప్లాంటు కూడా పోనియ్యది, నేను ఇయ్యాల చెప్పేదంతా ఈ ఒక్క ముచ్చట చుట్టే తిరుగుతది, మళ్ల మళ్ల అదే చెప్తున్నడు అనుకోకున్రి.

సెకండియర్ల థర్మోడైనమిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్ వస్తయి. ఎక్కువ మంది పడిపోయేది ఈడనే. ఫ్లూయిడ్స్ గురించి ఒక్కటి చెప్త. ఈడ ఊర్లకెల్లి వచ్చినోళ్లు మస్తు మంది ఉన్నరు గదా, బాయి మీద మోటరు చూసిన్రు. ఎండకాలం నీళ్లు కిందికి పోతే మన తాతలు బాయి లోపల్నే గూడు కట్టి మోటరు కిందికి దింపుతుండె. ఎందుకు దింపుడు, పెద్ద మోటరు తెచ్చి పైన్నే పెట్టొచ్చు గదా? పెట్టినా నీళ్లు రావు, పది హెచ్‌పీ కాదు వంద హెచ్‌పీ పెట్టు, రావు. ఎందుకంటే పంపు నీళ్లను గుంజుతది అనుకుంటం గని, పంపు చేసేదల్లా పైపుల ఒత్తిడి తగ్గించుడు, నీళ్లను పైకి తోసేది బయట ఉన్న గాలి. ఆ గాలి ఒత్తిడికి కాయితం మీద 10.3 మీటర్లు, అంతకంటె పైకి తోసే తాకత్ లేదు. పైపుల రాపిడి, ఫుట్‌వాల్వు నష్టం అన్నీ పోంగ ఏడు మీటర్లు దాటితే కష్టమే. సబ్‌మెర్సిబుల్ నీళ్లల్లనే మునిగి ఉండి కిందికెల్లి తోస్తది కాబట్టి దానికి ఈ లొల్లి లేదు, ఎన్ని స్టేజీలు, అంటే నీళ్లను తోసే చక్రాలు (ఇంపెల్లర్లు), పేరిస్తే అంత ఎత్తు. తాతకు గూడు కట్టుడు తెలుసు, మనవనికి పారే నీళ్ల ఒత్తిడి, వేగం, ఎత్తు లెక్క చెప్పే బెర్నూలీ ఈక్వేషన్ తెలుసు, ఇద్దరు ఒకే ముచ్చట మాట్లాడుతున్నరని మనవనికి ఎవ్వలు చెప్పరు, గదే బాధ.

అదే లెక్క పెద్దగ చూడాలంటే కరీంనగర్ జిల్లా రామడుగు దగ్గర లక్ష్మీపూర్ల గాయత్రి పంప్‌హౌస్ ఉన్నది, భూమి లోపల. అండ్ల ఒక్కొక్క మోటరు 139 మెగావాట్లు, అట్లాంటియి 7. కాళేశ్వరం ప్రాజెక్టు మీద రాజకీయాలు మీరు మీరు మాట్లాడుకోండ్రి, నేను మోటరు వరకే చెప్త. 139 మెగావాట్లంటే ఒక లక్షా 86 వేల హెచ్‌పీ. బాయి మీది 5 హెచ్‌పీ మోటర్లు 37 వేలు ఒక్క దగ్గర పెట్టినట్టు. అయినా దాని ఇంపెల్లర్, మీ బాయి కాడి ఇంపెల్లర్ – రెండు ఒకే సూత్రం మీద తిరుగుతయి.

థర్డియర్ల అసలు మెకానికల్ మొదలైతది. థియరీ ఆఫ్ మెషీన్స్, మెషీన్ డిజైన్, మెట్రాలజీ అంటే కొలతల చదువు, హీట్ ట్రాన్స్‌ఫర్. మెషీన్ డిజైన్ పరీక్షకు డేటా బుక్ చూసుకుంట రాయొచ్చు, ఓ ఇదేదో కాపీ కొట్టినట్టే ఉందిరా అని సంబరపడ్తరు, పరీక్షల కూసున్నంక ఏ పేజీల ఏమున్నదో దొరకక చెమటలు పడ్తయి. (నవ్వులు)

ఇగో ఇది చూడున్రి, జేబుల ఏసుకొచ్చిన. ఇది బేరింగు. ముందు కూసున్న చెల్లెలు, జర అంచు మీద నంబర్ చదువమ్మా... ఆ, 6205. మొదటి 6 అంటే డీప్ గ్రూవ్ బాల్ బేరింగు. 2 అంటే దాని సిరీసు, ఎంత దిట్టంగ ఉంటదన్నది. ఆఖరి రెండంకెలు 05, దాన్ని 5 తోని గుణిస్తే 25, లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. 6208 అయితే 40, 6310 అయితే 50. 04 నుంచి పైకి ఈ లెక్క పని చేస్తది, 00 నుంచి 03 దాక వేరే, 10, 12, 15, 17. మీ ఇంట్ల ఖరాబైన మోటరు ఉంటే ఇప్పి చూడున్రి, దేశం ఏదైనా కంపెనీ ఏదైనా నంబర్ గిట్లనే ఉంటది.

ఇప్పుడు దీన్ని 25 ఎంఎం షాఫ్టు, అంటే తిరిగే ఇరుసు, మీద ఎక్కియ్యాలె. డ్రాయింగ్ల 25 కె6 అని రాసి ఉంటది. దానర్థం షాఫ్టు 25.002 నుంచి 25.015 లోపల ఉండాలె. అంటే రంధ్రం కంటె షాఫ్టు కొంచెం లావు, కావాలనే. వదులుగ ఉంటే షాఫ్టు తిరుగుతుంటే లోపలి రింగు జారి షాఫ్టును కోస్తది. మరి లావు షాఫ్టు మీదికి సన్న రంధ్రం ఎట్ల ఎక్కాలె? షెడ్డుల ఏం చేస్తరు, సుత్తె తీసుకొని బయటి రింగు మీద దబదబ కొడ్తరు. ఆ దెబ్బ బయటి రింగుకెల్లి గోలీల మీద పడి, గోలీలకెల్లి లోపలి రింగు మీద పడ్తది, నున్నటి దారిల చిన్న చిన్న గుంటలు పడ్తయి. కంటికి కనబడయి. నెల రోజులకు మోటరు గర్ర్ అంటది, బేరింగు డూప్లికేట్ ఇచ్చిండు అని దుకాణపాయనను తిడ్తరు.

లెక్క తెలిసినోడు ఏం చేస్తడు? ఉక్కుకు వేడి చేస్తే వ్యాకోచం డిగ్రీకి మిలియన్ల 12 వంతులు. బేరింగును 30 డిగ్రీల నుంచి 110 డిగ్రీలకు వేడి చేస్తే 80 డిగ్రీల తేడా. 25 ఇంటు 80 ఇంటు 0.000012, ఎంతొచ్చింది? 0.024. అంటే 24 మైక్రాన్లు రంధ్రం పెద్దగైతది, మైక్రాన్ అంటే మిల్లీమీటర్ల వెయ్యో వంతు. రంధ్రం సరిగ్గ 25 ఉన్నదనుకుంటే, మనకు షాఫ్టు ఎక్కువల ఎక్కువ 15 మైక్రాన్లే లావు. ఇంకా 9 మైక్రాన్ల సందు మిగిలింది, బట్ట పట్టుకొని చేతితోని నెడితే జర్రున పోయి కూసుంటది, సుత్తెతో పనే లేదు. ఆ పని చెయ్యనీకి మా దగ్గర ఇండక్షన్ హీటర్ ఉంటది, అది లేని కాడ నూనెల వేడి చేస్తరు, గ్యాస్ కట్టర్ మంట మాత్రం పెట్టొద్దు, ఉక్కు గుణమే మారిపోతది. చూసిన్రా, ఇంజినీరింగ్ మెటీరియల్స్, మెట్రాలజీ, మెషీన్ డిజైన్ మూడు సబ్జెక్టులు గీ అరచేతిలంత బేరింగుల ఉన్నయి. కాలేజీల అవి మూడు వేరే వేరే సెమిస్టర్లల్ల, మూడు వేరే వేరే ఆల్-ఇన్-వన్ గైడ్లల్ల వస్తయి.

ఇంకొక్కటి, మెట్రాలజీ అంటే ఊకె మార్కుల సబ్జెక్టు అనుకునేటోళ్ల కోసం. మన ల్యాబుల ఉండే మామూలు వెర్నియర్ లీస్ట్ కౌంటు, అంటే అది చదవగలిగే అతి చిన్న కొలత, 0.02 మిల్లీమీటర్లు, అంటే 20 మైక్రాన్లు. ఇందాక షాఫ్టుకు 25.002 నుంచి 25.015 దాక ఇచ్చిన వెసులుబాటే, అంటే టాలరెన్సే, మొత్తం 13 మైక్రాన్లు. అంటే వెర్నియర్ తోని కొలిచి ఈ షాఫ్టు పాస్ అని సంతకం పెట్టినోడు గుడ్డిగ పెట్టినట్టే. దానికి మైక్రోమీటరు కావాలె, అది కూడా 0.001 చదివేది అయితే మంచిది. ఇంటర్వ్యూల నేను గిదే అడుగుత, ఏ కొలతకు ఏ పరికరం అని. థర్మోడైనమిక్స్ సెకండ్ లా స్టేట్‌మెంట్ గడగడ చెప్పినోళ్లు దీని కాడ ఆగిపోతరు.

బేరింగు జీవితం ఫార్ములా కూడా చూడున్రి, లోడుకు క్యూబ్ మీద ఉంటది. లోడు డబల్ అయితే జీవితం ఎనిమిదో వంతు. సుల్తానాబాద్ దిక్కు రైసు మిల్లులల్ల బెల్టు జారుతుందని మస్తు గట్టిగ బిగిస్తరు, బిగించిన ప్రతిసారి బేరింగు ఆయుష్షు కోస్తున్నట్టే. మీరు పోయి ఆ మిల్లు సేటుకు ఫార్ములా చెప్తే ఇనడు, బెల్టు ఎంత బిగియ్యాల్నో కొలిచి చూపిస్తే ఇంటడు.

స్టీమ్ ముచ్చట నా సొంత ఏరియా, దాని మీద పడితే పొద్దు గూకుతది కాబట్టి జరంత చెప్పి ఇడుస్త. రామగుండం ఎన్టీపీసీ పాత ప్లాంటు 2600 మెగావాట్లు, భూపాలపల్లి దగ్గర చెల్పూరు కాకతీయ థర్మల్ ప్లాంటు (కేటీపీపీ) 1100. రెండు చోట్ల టర్బైన్ తిరిగేది నిమిషానికి 3000 చుట్లు, ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్. అమెరికాల 60 హెర్ట్జ్ కాబట్టి ఆడ 3600. బొగ్గుల ఉన్న వేడిల మూడో వంతుకు కొంచెం ఎక్కువ కరెంటు అయితది, మిగిలిందాంట్ల చానా భాగం కూలింగ్ టవర్ మీదికెల్లి పోతది, ఆ తెల్లగ పొగ లెక్క కనబడేదంతా నీళ్ల ఆవిరి, వేడి మొత్తం పనిగ మారదని పుస్తకంల చదివే సెకండ్ లా కండ్లకు కనబడేది అక్కడ్నే. టర్బైన్ ఆపినంక కూడా మేము దాన్ని గంటల కొద్ది మెల్లగ తిప్పుతనే ఉంటం, దాన్ని బ్యారింగ్ గేర్ అంటరు, ఇందాకటి బేరింగు కాదు, అట్ల తిప్పకపోతే పై భాగం వేడిగ కింది భాగం చల్లగ అయి అంత పెద్ద షాఫ్టు వంగుతది. ఇది సిలబస్ల రెండు లైన్లు కూడా ఉండదు.

ఇప్పుడు జర కోపం తెచ్చుకునే ముచ్చట. మన దగ్గర చదివే పద్ధతి. పరీక్షకు రెండు రోజుల ముందు ఆల్-ఇన్-వన్, ఇంపార్టెంట్ క్వశ్చన్లు, అయిదు యూనిట్లల్ల మూడు చదివితే గట్టెక్కుతం అనే లెక్క. ల్యాబ్ రికార్డు సీనియర్ది చూసి కాపీ. ఫైనలియర్ ప్రాజెక్టు అయితే నలుగురు పైసలేసుకొని హైదరాబాద్ పోయి కొనుక్కొస్తున్నరు, సోలార్ గ్రాస్ కట్టరో, న్యూమాటిక్ బంపరో. నేను ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్గ పోయిన ఒక కాలేజీల ఆ బంపర్ ముందట పెట్టుకొని, సిలిండర్ బోర్, అంటే లోపలి వెడల్పు, ఎంత తమ్మీ అంటే, సారూ అది బ్యాచ్ మేట్‌కు తెలుసు అన్నడు. బ్యాచ్ మేట్ ఇంకొకడిని చూపిచ్చిండు. తల్లిదండ్రులకు కూడా చెప్తున్న, ప్రాజెక్టుకు పైసలియ్యమంటే ఇయ్యున్రి గని, ఆ ముక్క ఏ షెడ్డుల కోయించినవ్ బిడ్డా, లేత్ మీద నిలబడ్డవా అని అడుగున్రి. వరంగల్ల లేత్ షెడ్లకు ఏం తక్కువ? పోయి నిలబడితే చాయ్ కూడా తాపిస్తరు.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్ప. కంప్యూటర్ మీద డ్రాయింగ్ గీసే క్యాడ్ ఒక్కటి మంచిగ రావాలె, పైథాన్ కొంచెం రావాలె, ఎక్సెల్ తప్పకుండ రావాలె. క్యాడ్ కోర్సు సర్టిఫికెట్లు నాలుగు పెట్టుకొని టాలరెన్స్ ఎట్ల ఇయ్యాల్నో తెల్వనోడి కంటె, ఒకటే నేర్చుకొని చేతితోని కొలిచినోడు మేలు.

సరే, అడుగున్రి.

ప్రశ్న (ఒక తల్లి): సారూ, మా అన్న బిడ్డ ఇంటర్ అయినంక అమెరికాల్నే డిగ్రీ చేస్తనంటున్నది, ఆడ మెకానికల్ ఇంజినీరింగ్ ఒకటి, మెకానికల్ ఇంజినీరింగ్ టెక్నాలజీ ఒకటి ఉన్నయట. ఏది మంచిది?

మంచిగ అడిగినవమ్మా, మనోళ్లు చానా మంది తెల్వకుంటనే సీటొచ్చిన కాడ చేరుతరు. ఆడ రెండింటికి గుర్తింపు ఇచ్చేది ఏబెట్ అనే సంస్థే, కని దాని లోపల ఇంజినీరింగ్‌కు ఒక కమిషన్, ఇంజినీరింగ్ టెక్నాలజీకి ఇంకొక కమిషన్. మొదటిదాంట్ల మ్యాథ్స్, థియరీ, డిజైన్ లోతుగ పోతయి. రెండోదాంట్ల క్యాల్క్యులస్ ఉంటది గని బరువు తక్కువ, ల్యాబులు, మెషీన్లు, తయారీ, టెస్టింగు ఎక్కువ. ఫ్యాక్టరీ ఫ్లోర్ మీద, క్వాలిటీల, ప్రొడక్షన్ల పని చేసేటోళ్లకు రెండోది మస్తుగ పనికొస్తది, దాన్ని తక్కువ చేసి చూడొద్దు. కని ఒక మెలిక ఉన్నది. ఆడ ప్రొఫెషనల్ ఇంజినీర్ లైసెన్సు రాష్ట్రం రాష్ట్రానికి వేరే నిబంధన. ముందు ఎఫ్‌ఈ పరీక్ష, కొన్నేండ్లు అనుభవం, తర్వాత పీఈ పరీక్ష. టెక్నాలజీ డిగ్రీ వాళ్లకు కొన్ని రాష్ట్రాలు ఎక్కువ ఏండ్ల అనుభవం అడుగుతయి, కొన్ని ఒప్పుకోవు. రేపు మెకానికల్ల ఎంఎస్ చేస్తనంటే కూడా ఆ యూనివర్సిటీ ఏమంటదో ముందే అడగాలె. కాబట్టి అమ్మాయికి ఏ రాష్ట్రంల ఉండాలని ఉన్నదో ఆ రాష్ట్రం లైసెన్సింగ్ బోర్డు వెబ్‌సైట్ చూసి, ఆ తర్వాతనే ఫీజు కట్టమను.

మన బీటెక్ ఆడి మొదటి రకం దిక్కు లెక్క. 2014ల మన దేశం, ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు ఒకళ్లవి ఒకళ్లు ఒప్పుకునే వాషింగ్టన్ అకార్డ్‌ల పూర్తి సభ్యత్వం తీసుకున్నది, మన దగ్గర కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ టైర్-1 గుర్తింపు ఉన్న కోర్సులకే అది వర్తిస్తది, కాలేజీల చేరే ముందు ఆ బ్రాంచికి ఆ గుర్తింపు ఉన్నదా అని అడుగున్రి, కాలేజీకి ఉన్నదంటే సరిపోదు. నా సొంత అభిప్రాయం ఏందంటే, వాళ్ల టెక్నాలజీ కోర్సుల ఉన్న ల్యాబ్ గంటలు తెచ్చి మన బీటెక్ల ఏస్తే మన పిల్లలను పట్టేటోడు ఉండడు.

ప్రశ్న (విద్యార్థిని): సార్, మెకానికల్ల ఆడపిల్లలు తక్కువ కదా, తీసుకోవచ్చా?

తక్కువే ఉంటరమ్మా, క్లాసుల వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా ప్లాంటుల వైబ్రేషన్ రీడింగు తీసేది ఒక అమ్మాయి, టర్బైన్ తిరుగుతుంటే గ్రాఫ్ చూసి అలైన్‌మెంట్ పోయింది సార్, ఆపుదాం అంటే మేం ఆపుతం. సుత్తె ఎత్తుడు మెకానికల్ అనుకుంటే అది యాభై ఏండ్ల కిందటి ముచ్చట, ఇప్పుడు బరువు ఎత్తేది చెయిన్ బ్లాకు. తీసుకో.

ప్రశ్న: గవర్నమెంటు జాబులు ఏమేం ఉంటయి సార్?

గేట్ రాయున్రి, 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. స్కోరు మూడేండ్లు పనికొస్తది, ఎంటెక్‌కు, చానా పబ్లిక్ సెక్టార్ కంపెనీలకు అదే. సింగరేణిల మేనేజ్‌మెంట్ ట్రైనీ పోస్టులు ఈ అండ్ ఎం (ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్) అని పడ్తయి, రైల్వే జేఈ, జెన్‌కోల ఏఈ. నోటిఫికేషన్ ఎప్పుడొస్తదని నన్ను అడగొద్దు, అది నోటిఫికేషన్ ఇచ్చేటోళ్లకే తెల్వది. (నవ్వులు) కాజీపేటల 2023 జూలైల పునాదిరాయి ఏసిన రైల్వే తయారీ యూనిట్ మీద మస్తు ఆశ ఉన్నది మనోళ్లకు, ఉండనియ్యున్రి, కని దాన్ని నమ్ముకొని బ్రాంచి తీసుకోకున్రి. డిగ్రీ అయినంక ఏడాది అప్రెంటిస్ చేసే దారి ఉన్నది, నాట్స్ పోర్టల్ల పేరు ఎక్కిచ్చుకోవాలె, పైసలు తక్కువని ఇడిచిపెడ్తరు, నేనైతే ఇడవొద్దంట. సింగరేణి వాళ్ల అడ్రియాల లాంగ్‌వాల్ బొగ్గు గని లాంటి కాడ హైడ్రాలిక్ సపోర్టులు గనికప్పును ఎట్ల మోస్తయో చూస్తే ఫ్లూయిడ్ పవర్ సబ్జెక్టు మళ్ల చదవాల్సిన పని ఉండదు.

ప్రశ్న: డిప్లొమా చేసి ఈసెట్‌ల పోతే మంచిదా, ఇంటర్ చేసి పోతే మంచిదా?

డిప్లొమా వాళ్లకు చెయ్యి తిరిగి ఉంటది, సెకండియర్ల మ్యాథ్స్ కాడ గుండె ఆగినంత పనైతది, నాకు గట్లనే అయింది. ఇంటర్ వాళ్లకు మ్యాథ్స్ అలవాటే, వర్క్‌షాపుల హ్యాక్‌సా బ్లేడు పండ్లు ఎటు ఉండాల్నో తెల్వది. ముందటికి ఉండాలె. హాస్టల్ల ఇద్దరు ఒకే రూముల ఉండేటట్టు చూసుకోండ్రి, ఒకళ్లకొకళ్లు చెప్పుకోవచ్చు.

ప్రశ్న (వెనక నుంచి): సార్, చేరంగనే ల్యాప్‌టాప్ కొనాల్నా, ఏది కొనాలె?

ఫస్టియర్ల అవసరం లేదు, కాలేజీ ల్యాబ్ సరిపోతది. త్రీడీ మోడలింగ్ మొదలైనంక కొనున్రి, ర్యామ్ 16 ఉండాలె, గ్రాఫిక్స్ కార్డు ఉంటే మంచిది. అప్పటిదాక ఆ పైసలల్ల కొంత తీసి ఒక స్టీల్ రూలర్, ఒక వెర్నియర్, ఒక సైంటిఫిక్ క్యాల్కులేటర్ కొనుక్కోండ్రి. వెర్నియర్ కొనే కాడ రెండు దవడలు దగ్గరికి మూసి వెలుతురుకు పట్టుకొని చూడున్రి, నడుమల వెలుగు కనబడితే అది వద్దని చెప్పి ఇంకోటి చూపియ్యమను.